ఎలక్ట్రిక్ గిటార్‌లో గుయ్, జుయ్, కరకర: బరంపురం నుంచి రాయగడ దాకా మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్ళలో చర్చి క్వయర్‌లో, మెలోడీ పార్టీల్లో, కాలేజీ బ్యాండ్లలో గిటార్ వాయించే తెలుగువాళ్ళ దగ్గరనుంచి ఏడాది పొడవునా ఇవే సందేహాలు వస్తున్నాయి. మనకి దగ్గర్లో గిటార్ రిపేరు తెలిసినవాళ్ళు తక్కువ. చిన్న పార్టు కావాలన్నా విశాఖ వెళ్ళాలి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అందుకే ఇంట్లో తేల్చుకోగలిగేది ఏది, కరెంటు మిస్త్రీకి వదిలెయ్యాల్సింది ఏది అన్నది ఇక్కడ రాసిపెట్టాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా ఉంటుంది, కావలసింది వెతుక్కుని చదవండి. ఎర్త్, షాక్ గురించిన జవాబులు మాత్రం గిటార్ పట్టుకునే ప్రతివాళ్ళూ చదవాలని నా కోరిక.

## ముందు శబ్దాన్ని గుర్తుపట్టడం

హమ్ వేరు, బజ్ వేరు అంటున్నారు. నాకు రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి. తేడా ఎలా తెలుస్తుంది?

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. దాన్నుంచి వచ్చే హమ్ 50 దగ్గరో, దానికి రెట్టింపు 100 దగ్గరో ఉంటుంది. ఆరో తీగ మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జి స్వరం 98 హెర్ట్జ్. మీ యాంప్ (ఆంప్లిఫయర్) చేసే "గుయ్" ఆ స్వరానికి బాగా దగ్గరగా గానీ, దాదాపు దాని కింది స్థాయిలో గానీ వినిపిస్తే అది హమ్. అదే శబ్దం కోసుగా, కందిరీగ ఎగిరినట్టు "జుయ్"మంటుంటే బజ్. గెయిన్ (సిగ్నల్‌ని పెద్దది చేసే నాబ్) పెంచినకొద్దీ పెరిగే "స్‌స్‌స్" హిస్. వైరు కదిపినప్పుడు, నాబ్ తిప్పినప్పుడు వచ్చే కరకర వదులైన కాంటాక్ట్. సన్నగా ఈల వేసినట్టు ఉంటే చాలాసార్లు అడాప్టర్‌దో, డిజిటల్ పెడల్‌దో (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టె). శబ్దాన్ని సరిగ్గా గుర్తుపడితే వెతకాల్సిన చోట్లు సగానికి సగం తగ్గిపోతాయి.

అన్నా, అంతా కలిసి మోగుతోంది. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

యాంప్ నుంచి వెనక్కి, గిటార్ వైపు రండి. ముందు యాంప్‌లో గుచ్చిన వైరు పూర్తిగా తీసేసి యాంప్ ఆన్ చేయండి. అప్పటికీ గుయ్‌మంటుంటే లోపం యాంప్‌లో, లేదా ఇంటి కరెంటులో. నిశ్శబ్దంగా ఉంటే గిటార్ నుంచి నేరుగా యాంప్‌కి, మధ్యలో పెడల్ ఏమీ లేకుండా ఒక్క వైరు పెట్టండి. గిటార్ వాల్యూమ్ సున్నాకి తిప్పినా శబ్దం తగ్గకపోతే వైరునో, గిటార్ జాక్‌నో అనుమానించాలి. వాల్యూమ్ పెంచినప్పుడే వస్తే పికప్ (తీగల కింద ఉండి వాటి కంపనాన్ని పట్టే భాగం) పట్టుకుంటున్న శబ్దం. ఆ తర్వాత పెడళ్ళు ఒక్కొక్కటిగా కలపండి. ఒకసారికి ఒకటే మార్చడం ముఖ్యం. రెండు ఒకేసారి మారిస్తే శబ్దం పోయినా ఎందుకు పోయిందో తెలీదు, మళ్ళీ వచ్చినప్పుడు పని మొదటికొస్తుంది.

తీగల మీద చెయ్యి పెడితే శబ్దం ఆగిపోతోంది, తీస్తే వస్తోంది. గిటార్ పాడైందా?

పాడవలేదు. గదిలో ఉన్న కరెంటు శబ్దాన్ని మీ ఒళ్ళు యాంటెన్నాలా పట్టి పికప్‌కి అందిస్తోంది. తీగలు బ్రిడ్జ్ కింద ఉన్న సన్న వైరు ద్వారా గ్రౌండ్‌కి కలిసి ఉంటాయి కాబట్టి, వాటిని ముట్టుకోగానే మీ ఒళ్ళు కూడా గ్రౌండ్ అయి శబ్దం తగ్గుతుంది. అంటే ఆ వైరు బాగానే పనిచేస్తోంది. చెయ్యి తీసినప్పుడు శబ్దం మరీ ఎక్కువగా ఉంటే మాత్రం గిటార్ లోపల షీల్డింగ్ (బయటి శబ్దాన్ని అడ్డుకునే లోహపు పొర) చాలడం లేదని అర్థం.

నాకు ఉల్టా జరుగుతోంది. తీగలు ముట్టుకుంటే శబ్దం పెరుగుతోంది.

గిటార్ జాక్‌లో రెండు వైర్లు తారుమారుగా అతికి ఉండవచ్చు. కొత్తగా రిపేరు చేయించిన గిటార్లలో, చవక కిట్లలో ఇది కనబడుతుంది. ఇంకో కారణం, యాంప్‌కి ఎర్త్ అందకపోవడం. వేరే గిటార్ అదే యాంప్‌లో పెట్టి చూడండి. అదీ అలాగే చేస్తే కరెంటు వైపే లోపం, అది తేలేదాకా వాయించడం ఆపండి.

## గిటార్ లోపల

ఒకే యాంప్, ఒకే వైరు. నా గిటార్ గుయ్‌మంటుంది, ఫ్రెండ్ గిటార్ అనదు. ఎందుకు?

మీది సింగిల్ కాయిల్ పికప్, తనది హమ్‌బకర్ అయి ఉంటుంది. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్న రాగి తీగ. తీగ కంపనాన్నీ పట్టుకుంటుంది, గదిలోని ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రాన్నీ పట్టుకుంటుంది. గిబ్సన్ కంపెనీ ఇంజనీరు సెథ్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హమ్‌బకర్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకదాని అయస్కాంతం, చుట్టు రెండూ మరొకదానికి ఎదురుగా ఉంటాయి. దానివల్ల తీగ శబ్దం కలిసి పెరుగుతుంది, బయటి హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా గిటార్లలో చాలావాటికి మధ్య పికప్ ఎదురు చుట్టుతో ఉంటుంది. స్విచ్ రెండో, నాలుగో స్థానంలో పెడితే హమ్ తగ్గితే మీదీ అలాంటిదే. సింగిల్ కాయిల్‌లోని ఆ మెరిసే టోన్ కావాలనుకునేవాళ్ళు కొంచెం హమ్‌ని ఒప్పుకోవాల్సిందే.

ఇంట్లో ఒక మూల కూర్చుంటే హమ్ తక్కువ, ఇంకో మూల ఎక్కువ. దిక్కుల తేడా ఏమిటి?

సింగిల్ కాయిల్ పికప్ ఏ వైపు తిరిగి ఉందన్నదాన్ని బట్టి హమ్ మారుతుంది. ఇన్వర్టర్, స్టెబిలైజర్, గిటార్ యాంప్, వీటన్నిటి ట్రాన్స్‌ఫార్మర్ల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. వాటికి ఆరేడు అడుగుల దూరం జరిగి, గిటార్ పట్టుకుని మెల్లగా ఒక చుట్టు తిరగండి. హమ్ బాగా తగ్గే దిక్కు ఒకటి తప్పకుండా దొరుకుతుంది. కుర్చీ అక్కడే వేసుకోండి. పైసా ఖర్చు లేదు.

రాగి టేపు అంటిస్తే శబ్దం మొత్తం పోతుందా? ఎలా అంటించాలి?

మొత్తం పోదు. రాగి టేపు, గ్రాఫైట్ పెయింటు అడ్డుకునేది జుయ్‌మనే బజ్‌ని. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే అయస్కాంత హమ్‌కి రాగి పల్చని పొర అడ్డం కాదు. ఈ సంగతి తెలియక టేపు అంటించి నిరాశపడేవాళ్ళు చాలామంది. బజ్ మాత్రం గణనీయంగా తగ్గుతుంది, చెయ్యదగ్గ పనే.

జిగురు వైపు కూడా కరెంటు ప్రవహించే రకం రాగి టేపు కొనండి. తీగలు వదులు చేసి తీసేసి, పిక్‌గార్డ్ విప్పి, ఏ వైరు ఎక్కడ ఉందో ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పికప్‌లు కూర్చునే గుంటలు, నాబ్‌లు ఉండే గుంట, పిక్‌గార్డ్ వెనక వైపు, అన్నీ టేపుతో కప్పాలి. ముక్కకీ ముక్కకీ కొంచెం ఒకదానిమీద ఒకటి ఎక్కేలా అంటించి, అక్కడక్కడ చిన్న టాంకా (సోల్డర్) వేయండి. తర్వాత మల్టీమీటర్‌ని బీప్ స్థానంలో పెట్టి ఒక కొస గిటార్ జాక్ బయటి లోహానికి, ఇంకో కొస టేపుకి ఆనించండి. ఏ గుంటలో ఆనించినా బీప్ రావాలి. రాని గుంట నుంచి ఒక వైరు వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే భాగం) వెనక్కి టాంకా వేస్తే సరి. అలాగే తీగలకి ఆనించి చూడండి, అక్కడా బీప్ రావాలి.

ఒక జాగ్రత్త. జాక్‌లో సిగ్నల్ వచ్చే కొస గానీ, స్విచ్ కాళ్ళు గానీ టేపుకి తగిలాయంటే గిటార్ పూర్తిగా మూగబోతుంది. ఆ చోట్ల ముందే ఇన్సులేషన్ టేపు వేసేయండి. వంటింటి అల్యూమినియం ఫాయిల్ వాడవచ్చా అంటే పిక్‌గార్డ్ వెనక్కి పర్లేదు, కానీ దానిమీద టాంకా నిలవదు.

వాల్యూమ్ తిప్పితే కరకరమంటోంది. కొత్త పాట్ వెయ్యాలా?

ముందు శుభ్రం చేసి చూడండి. గోపాలపూర్, ఛత్రపురం వైపు ఉప్పుగాలికి, వర్షాకాలం తేమకి పాట్ లోపలి పట్టీ మీద పొర కడుతుంది. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది. పాట్ కాళ్ళ పక్కన ఉన్న సందులోకి కొంచెం కొట్టి, నాబ్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా ఇరవై ముప్ఫైసార్లు తిప్పండి. తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రేలు వాడకండి, ఆ జిడ్డు లోపల నిలిచి దుమ్ము పట్టిస్తుంది. శుభ్రం చేసినా కరకర పోకపోతే పాట్ మార్చాలి. సింగిల్ కాయిల్‌కి సాధారణంగా 250 కే (కిలో ఓమ్‌లు), హమ్‌బకర్‌కి 500 కే వేస్తారు.

పిన్ను కదిలిస్తే సౌండు వస్తూ పోతూ ఉంది.

గిటార్ జాక్‌లోని రేకు సాగిపోయి పిన్ను కొసని గట్టిగా పట్టుకోవడం లేదు. జాక్ విప్పి ఆ రేకుని కొంచెం లోపలికి వంచండి. జాక్ బయటి నట్టు వదులైతే బిగించండి, కానీ బిగించేటప్పుడు లోపల జాక్ తిరగకుండా పట్టుకోండి, లేకపోతే వైరు మెలిపడి తెగుతుంది.

గెయిన్ పెంచగానే కీచుమని అరుస్తోంది. తీగలు పట్టుకున్నా ఆగడం లేదు.

తీగలు పట్టుకున్నా ఆగని కీచు పికప్ లోపలి రాగి చుట్టు వదులుగా ఉండి కంపించడం వల్ల వస్తుంది. పికప్‌ని కరిగిన మైనంలో ముంచి ఆ సందులు నింపుతారు. మైనం మరీ వేడెక్కితే పికప్ పాడవుతుంది, మంట అంటుకునే ప్రమాదమూ ఉంది. తెలిసినవాళ్ళ చేత చేయించండి. ఈలోపు యాంప్‌కి దూరంగా, దానికి ఎదురుగా కాకుండా నిలబడండి.

## వైర్లు, పెడళ్ళు

మా ఊరి సౌండ్ షాపులో పి-38 పిన్నులు (గిటార్ జాక్‌లో గుచ్చేవి) పెట్టి వైరు చేసిస్తారు. అది గిటార్‌కి పనికొస్తుందా?

పనికొస్తుంది, లోపలి వైరు సరైనదైతే. ఒక కోర్, దానిచుట్టూ దట్టంగా అల్లిన రాగి జాలీ ఉన్న షీల్డెడ్ వైరు అడగండి. స్పీకర్లకి వాడే రెండు కోర్ల వైరు పెడితే పిన్నులు సరిపోతాయి గానీ, షీల్డు లేక అది మొత్తం యాంటెన్నా అయిపోతుంది. మనవైపు శబ్దం గోడు చెప్పుకునేవాళ్ళని వైరు చూపించమంటే ఇదే తరచుగా బయటపడుతుంది. పిన్ను మూత విప్పి చూస్తే తెలిసిపోతుంది. పొడవు పది నుంచి ఇరవై అడుగులు చాలు. పొడవు పెరిగినకొద్దీ వైరు కెపాసిటెన్స్ వల్ల పై స్వరాల మెరుపు తగ్గుతుంది. మంచి వైరు ఒకటి కొనుక్కోండి. కొత్త పెడల్ కన్నా దానితోనే ఎక్కువ ఫలితం కనిపిస్తుంది.

నాలుగు పెడళ్ళకి ఒకే అడాప్టర్ వాడుతున్నాను. సన్నగా ఈల వినిపిస్తోంది.

గొలుసు వైరుతో అన్నిటికీ ఒకే కరెంటు ఇచ్చినప్పుడు, డిజిటల్ డిలే, రివర్బ్ లాంటి పెడళ్ళ లోపలి గడియారం (క్లాక్ సర్క్యూట్) శబ్దం ఆ వైరు గుండానే డిస్టార్షన్ పెడల్‌లోకి వెళ్తుంది. డిస్టార్షన్ దాన్ని పెద్దది చేసి వినిపిస్తుంది. తేల్చుకోవడానికి 9 వోల్టుల బ్యాటరీ కొని ఒక్కో పెడల్‌కి మార్చి మార్చి పెట్టండి. ఏ పెడల్‌ని గొలుసు నుంచి విడదీస్తే ఈల పోతుందో దానికి విడిగా ఒక అడాప్టర్ ఇవ్వండి. పెడళ్ళు పెరిగితే ఐసోలేటెడ్ పవర్ సప్లై (ఒక్కో పెడల్‌కి విడివిడిగా కరెంటు ఇచ్చేది) కొనడమే మేలు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి రెండు. చాలా పెడళ్ళకి మధ్య పిన్ను నెగెటివ్. మామూలు షాపుల్లో దొరికే అడాప్టర్లు ఎక్కువగా మధ్య పిన్ను పాజిటివ్, ఉల్టా పెడితే పెడల్ కాలిపోవచ్చు. రెండోది, అన్ని పెడళ్ళూ తీసుకునే మిల్లీయాంపులు కూడి, అడాప్టర్ మీద రాసిన అంకె అంతకన్నా ఎక్కువ ఉందా చూడండి.

కరెంటు పోతుందని పవర్ బ్యాంకుతో పెడళ్ళు నడుపుతున్నాను. పర్వాలేదా?

పవర్ బ్యాంకు ఇచ్చే 5 వోల్టులని 9కి పెంచే వైరు లోపల చిన్న స్విచింగ్ సర్క్యూట్ ఉంటుంది. చవక రకంలో అదే ఈలకి కారణం. ఒక్క పెడల్‌కి బ్యాటరీ వాడటం అన్నిటికన్నా నిశ్శబ్దం.

నాయిస్ గేట్ కొంటే గొడవ వదిలిపోతుంది కదా?

మీరు వాయించనప్పుడు మాత్రమే వదులుతుంది. గేట్ శబ్దాన్ని తీసెయ్యదు, సిగ్నల్ తగ్గినప్పుడు తలుపు మూస్తుంది. మీరు తీగ మీటగానే హమ్ కూడా స్వరంతోపాటే బయటికొస్తుంది. పాట చివర మెల్లగా కరిగిపోవాల్సిన స్వరాన్ని మధ్యలో కోసేస్తుంది కూడా. ఎక్కువ గెయిన్‌లో సహజంగా వచ్చే హిస్‌కి గేట్ సరైన మందు. వదులైన టాంకాకి, లేని ఎర్త్‌కి అది మందు కాదు.

## ఇంటి కరెంటు

మా ఇంట్లో మూడు పిన్నుల సాకెట్ ఉంది. అంటే ఎర్త్ ఉన్నట్టేనా?

కాదు. మన పాత ఇళ్ళలో, రేకుల షెడ్డు హాళ్ళలో సాకెట్‌కి మూడు కన్నాలు ఉన్నా పైకన్నం వెనక వైరే ఉండదు. కొన్నిచోట్ల అంతకన్నా ఘోరం, ఆ కన్నాన్ని న్యూట్రల్‌కి కలిపేస్తారు. అప్పుడు ఎక్కడో న్యూట్రల్ తెగితే యాంప్ లోహం మీదకి, మీ తీగల మీదకి 230 వోల్టులు వస్తాయి.

మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్ళు ఏసీ వోల్టేజి పెద్ద రేంజ్‌లో పెట్టి చూడవచ్చు. పైకన్నం మీకు పైన ఉండేలా చూస్తే, సరిగ్గా బిగించిన సాకెట్‌లో కుడివైపు ఫేజ్, ఎడమవైపు న్యూట్రల్. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య ఎంత వస్తుందో, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. ఫేజ్-ఎర్త్ మధ్య అంకె బాగా తక్కువగా ఉన్నా, ఊగుతున్నా ఎర్త్ లేనట్టే. ఈ పరీక్షలో బాగున్నంత మాత్రాన ఎర్త్ బలంగా ఉందని చెప్పలేం, ఎందుకంటే మీటర్ అతి తక్కువ కరెంటుతోనే అంకె చూపిస్తుంది. బల్బు వెలిగించి చూసే పరీక్ష, ఎర్త్ నిరోధం కొలిచే పరీక్ష కరెంటు మిస్త్రీ చెయ్యాలి. నియాన్ టెస్టర్ వెలుగుని నమ్ముకోకండి.

గజపతి, రాయగడ కొండ ప్రాంతాల్లో రాతినేల వల్ల ఎర్త్ గుంట సరిగా పట్టదు. బొగ్గు, ఉప్పు వేసిన జీఐ పైపు గుంటైతే ఎండాకాలంలో నీళ్ళు పోస్తూ ఉండాలి. మెయిన్ బోర్డులో 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ కట్ చేసే స్విచ్) పెట్టించండి. ఎర్త్ బాగుంటే హమ్ సగం తగ్గే ఇళ్ళు చాలా ఉన్నాయి. అది శబ్దం కోసం చేసే ఖర్చు అనుకోకండి, ఇంట్లో ఫ్రిజ్, గీజర్ ముట్టుకునే పిల్లల కోసం కూడా.

యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోయింది. అలాగే వాడుకోవచ్చా?

వద్దు. ఒక్క రోజుకి కూడా వద్దు. ఎర్త్ తీస్తే హమ్ పోయిందంటే రెండు ఎర్త్‌ల మధ్య వలయం ఏర్పడిందని అర్థం, ఎర్త్ అక్కర్లేదని కాదు. యాంప్ లోపల ఇన్సులేషన్ చెడిన రోజున ఆ కరెంటు భూమిలోకి పోవడానికి ఉన్న దారి ఆ పిన్నే. అది లేకపోతే దారి తీగలు పట్టుకున్న మీ చేతుల గుండా. యాంప్‌ని, దానికి కలిపిన మిక్సర్‌ని లేదా ల్యాప్‌టాప్‌ని ఒకే సాకెట్ బోర్డు నుంచి నడపండి. ఇంకా వలయం ఉంటే మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ (సిగ్నల్‌ని మిక్సర్‌కి అందించే చిన్న పెట్టె) పెట్టండి. ఆ రెండు మార్గాల్లో ప్రాణానికి ముప్పు లేదు.

తీగలు తాకితే చెయ్యి జివ్వుమంటోంది. ప్రమాదమా?

రెండు పిన్నుల ప్లగ్ ఉన్న స్విచింగ్ అడాప్టర్లలో శబ్దం తగ్గించడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ గుండా అతి స్వల్పంగా కరెంటు లీకవుతుంది. మీటర్ పెడితే తొంభై, నూరు వోల్టులు చూపించినా కరెంటు చాలా తక్కువ కాబట్టి సన్నటి జివ్వు మాత్రమే ఉంటుంది. అయితే ప్రమాదకరమైన లీకేజీ కూడా మొదట ఇలాగే అనిపించవచ్చు. స్పర్శతో తేడా కనిపెట్టే ప్రయత్నం చేయకండి. మెయిన్ ఆపి, అడాప్టర్‌ని ప్లగ్ నుంచి తీసేయండి. యాంప్‌ని, సాకెట్‌ని, అడాప్టర్‌ని మిస్త్రీకి చూపించేదాకా ఆన్ చేయవద్దు. చెప్పుల్లేకుండా తడినేల మీద నిలబడి ఏ పరీక్షా చేయకండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్ళగానే యాంప్ బాగా జుయ్‌మంటోంది.

మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. లైన్ కరెంటు అలలా మెత్తగా ఎక్కి దిగుతుంది, ఇది మెట్టులా ఒక్కసారి ఎగిరి దూకుతుంది. ఆ అంచుల్లోంచి 150, 250, 350 హెర్ట్జ్ ఇలా పైకి ఎన్నో శబ్దాలు పుడతాయి. యాంప్‌లోనూ వినిపిస్తాయి, పికప్‌లోనూ. ఫ్యాను కూడా అదే సమయంలో గుయ్‌మంటుంటే అనుమానమే లేదు. తర్వాత మార్చేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకోండి. ప్రస్తుతానికి కరెంటు లేనప్పుడు హెడ్‌ఫోన్ యాంప్‌తో బ్యాటరీ మీద సాధన చేసుకోవచ్చు.

ఫ్యాను తిరిగితే శబ్దం, ఆపితే లేదు. మరీ ఎండల్లో ఫ్యాను ఆపి వాయించాలా?

అక్కర్లేదు. రెగ్యులేటర్‌ని ఫుల్ స్పీడులో పెట్టి చూడండి. గుండ్రంగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ సెకనుకి నూరుసార్లు కరెంటుని కోసి వేగం తగ్గిస్తుంది, ఆ కోతే బజ్. టిక్కుటిక్కుమని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్‌లో ఈ కోత ఉండదు. మార్చడం తేలిక. చవక ఎల్‌ఈడీ బల్బులు, డిమ్మర్ లైట్లు కూడా ఇదే పని చేస్తాయి, ఒక్కొక్కటి ఆపి చూడండి.

సాయంత్రం లో వోల్టేజి. స్టెబిలైజర్ పెడితే టప్ టప్ మంటోంది.

రిలే స్టెబిలైజర్ వోల్టేజి మెట్టు మార్చినప్పుడు వచ్చే శబ్దం అది. యాంప్‌కి హాని తక్కువే. స్టెబిలైజర్‌ని గిటార్‌కి దూరంగా ఉంచండి.

## చర్చిలో, పందిట్లో, మెలోడీ స్టేజి మీద

ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటుంది. చర్చి మిక్సర్‌కి కలపగానే గుయ్‌మంటోంది.

మీ యాంప్ వేదిక దగ్గరి సాకెట్‌లో, మిక్సర్ వెనక గోడ సాకెట్‌లో ఉంటాయి. రెండిటి ఎర్త్ వేర్వేరు దారుల్లో వెళ్ళి ఆడియో వైరు షీల్డు ద్వారా మళ్ళీ కలుస్తాయి. ఆ పెద్ద వలయంలో హమ్ పుడుతుంది. మిక్సర్ దగ్గరనుంచి మంచి మందం ఉన్న ఎక్స్‌టెన్షన్ వైరు వేదిక దాకా లాగి యాంప్, కీబోర్డు, మిక్సర్ అన్నీ ఒకే చోటు నుంచి నడపండి. యాంప్‌కీ మిక్సర్‌కీ మధ్య పాసివ్ డీఐ బాక్స్ పెట్టి, దానిమీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కండి. ఆ స్విచ్ ఆడియో వైరు షీల్డుని మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ని ముట్టుకోదు. అయ్యగారిని ఒప్పించి చర్చికి ఒక డీఐ బాక్స్ కొనిపిస్తే గిటార్, కీబోర్డు ఇద్దరికీ పనికొస్తుంది.

పాడుతూ వాయిస్తుంటే మైకు పెదవికి తగిలి షాక్ కొడుతోంది.

వెంటనే ఆపండి. మైకు ఒక ఎర్త్ మీద, మీ గిటార్ ఇంకో ఎర్త్ మీద ఉన్నాయి, లేదా రెండిట్లో ఒకదానికి ఎర్త్ లేదు. మీ ఒళ్ళు ఆ రెండిటి మధ్య వంతెన అయింది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బ్యాండ్ గిటారిస్ట్ లెస్ హార్వీ ఎర్త్ లేని మైకు తాకి స్టేజి మీదే చనిపోయాడు. మైకుకి స్పాంజి తొడిగి సర్దుకుందామనేవాళ్ళ మాట వినకండి. తడిసిన స్పాంజి ఆపదు. కార్యక్రమం మొదలయ్యే ముందే మల్టీమీటర్‌తో మైకు జాలీకీ గిటార్ తీగలకీ మధ్య ఏసీ వోల్టేజి చూడండి. ఒకటి రెండు వోల్టులు దాటితే సౌండ్ వాళ్ళని పిలిచి కరెంటు లైన్ సరిచేయించండి. అది కుదిరేదాకా పాట మాత్రమే పాడండి, గిటార్ పక్కన పెట్టండి. ఎంతమంది జనం ఎదురుచూస్తున్నా సరే.

జనరేటర్ మీద ప్రోగ్రాం. ఏం చూసుకోవాలి?

యాంప్ గుచ్చకముందు వోల్టేజి కొలవండి. 220 నుంచి 240 మధ్య నిలకడగా ఉండాలి. త్రీ ఫేజ్ జనరేటర్‌లో న్యూట్రల్ వదులైతే కొన్ని సాకెట్లలో వోల్టేజి 415 వైపు ఎగబాకుతుంది, క్షణంలో యాంప్ పోతుంది. జనరేటర్ దగ్గర ఎర్త్ రాడ్ దిగ్గొట్టారా, న్యూట్రల్ దానికి కలిపారా అని ఆపరేటర్‌ని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. లైట్లకి ఒక ఫేజ్, సౌండుకి వేరే ఫేజ్ ఇమ్మంటే సీరియల్ లైట్లు, డిమ్మర్ల బజ్ కూడా బాగా తగ్గుతుంది. బరంపురం ఠాకురాణి యాత్ర రోజుల్లో వీధంతా లైట్లే కాబట్టి అప్పుడు హమ్‌బకర్ గిటార్ తీసుకెళ్ళడం నా సలహా.

యాంప్‌లో "టిక్ టిక్ టిక్ డ్ర్ర్ర్" అని వస్తుంది. ఒక్కోసారి రేడియో మాటలు కూడా.

మొదటిది సెల్‌ఫోన్. 2జీ ఫోన్ సెకనుకి సుమారు 217 సార్లు ముక్కలుముక్కలుగా సిగ్నల్ పంపుతుంది, అదే ఆ డ్ర్ర్ర్. కొండ ఊళ్ళలో టవర్ దూరంగా ఉంటే ఫోన్ ఇంకా బలంగా పంపుతుంది. జేబులోంచి తీసి నాలుగైదు అడుగుల దూరంలో పెట్టండి, లేదా ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. రేడియో మాటలు దగ్గర్లోని మీడియం వేవ్ స్టేషన్‌వి. చెడిన షీల్డు, పొడవాటి వైరు వాటిని పట్టుకుంటాయి. వైరు మార్చి, యాంప్ వైపు కొసకి ఫెరైట్ క్లిప్ (రేడియో శబ్దాన్ని అడ్డుకునే, వైరుకి తొడిగే దిమ్మ) తగిలించండి.

## ల్యాప్‌టాప్, ఫోన్‌లో రికార్డింగ్

ఇంటర్‌ఫేస్‌తో (గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) రికార్డు చేస్తుంటే సన్నటి కీచు. మౌస్ కదిపితే మారుతోంది.

ఛార్జర్ తీసి బ్యాటరీ మీద రికార్డు చేయండి. చాలాసార్లు అంతటితో పోతుంది. పోకపోతే ల్యాప్‌టాప్ యూఎస్‌బీ కరెంటులోనే శబ్దం ఉంది. ఇంకో యూఎస్‌బీ పోర్టుకి మార్చండి, లేదా సొంత అడాప్టర్ ఉన్న పవర్డ్ యూఎస్‌బీ హబ్ వాడండి. గిటార్‌ని స్క్రీన్‌కి దూరంగా, పక్కకి తిప్పి పట్టుకోండి. ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్ నొక్కడం మరిచిపోతే సిగ్నల్ బలహీనపడి, గెయిన్ పెంచాల్సివచ్చి హిస్ ఎక్కువవుతుంది.

## రిపేరుకి ఇచ్చేటప్పుడు

అన్ని వైర్లూ తీసేసినా, వాల్యూమ్ సున్నా చేసినా యాంప్ గుయ్‌మంటోంది. విప్పి చూడనా?

విప్పకండి. ఆరో తీగ మూడో ఫ్రెట్ స్వరానికి దగ్గరగా ఉండే ఆ 100 హెర్ట్జ్ హమ్ ఎక్కువగా ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోవడం వల్ల. చాలా ఏళ్ళు వాడిన యాంప్‌లలో, వేడి గదుల్లో ఉంచినవాటిలో వస్తుంది. వాల్వ్ యాంప్ అయితే లోపల మూడు నాలుగొందల వోల్టులు ఉంటాయి, ప్లగ్ తీసేశాక కూడా ఆ కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. టీవీ, ఆంప్లిఫయర్ రిపేరు చేసే అనుభవజ్ఞుడైన మెకానిక్ ఈ పని చెయ్యగలడు, గిటార్ తెలియాల్సిన అవసరం లేదు.

మెకానిక్‌కి ఏం చెప్పాలి? "సౌండొస్తోంది" అంటే ఆయన తీసుకున్నప్పుడు రావడం లేదు.

కాగితం మీద రాసి ఇవ్వండి. ఏ శబ్దం, గుయ్యా జుయ్యా కరకరా. వైరు తీసేస్తే ఉందా. గిటార్ వాల్యూమ్ సున్నాలో ఉందా. తీగలు ముట్టుకుంటే తగ్గుతోందా, పెరుగుతోందా. ఆన్ చేయగానే వస్తోందా, వేడెక్కాక వస్తోందా. వేరే ఇంట్లో పెట్టి చూశారా. శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి. గిటార్‌తోపాటు మీరు రోజూ వాడే వైరు, అడాప్టర్ కూడా తీసుకెళ్ళండి, ఎందుకంటే లోపం వాటిలోనే ఉండి, ఆయన తన వైరుతో చూసి "బాగానే ఉంది" అని తిప్పి పంపడం తరచుగా జరుగుతుంది. రిపేరయ్యాక అక్కడే ఫుల్ వాల్యూమ్‌లో పావుగంట వాయించి చూసుకుని, మార్చిన పార్టులు అడిగి వెంట తెచ్చుకోండి.